గడప బయటి నర్సు

ఆ రోజు పొద్దున మబ్బు పట్టింది గాని, వాన పడే మబ్బు కాదు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఎండుగాలి దాన్ని నెట్టుకుపోతోంది. నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నానే గాని పోగు నడిపే నాడె ముట్టలేదు. వెనక గదిలో నా కూతురు మానస మూలుగుతోంది. కాన్పయి పదకొండో రోజు.

నర్సు కోమల స్కూటీ వాకిట్లో ఆగింది. ఆమె రావడం అది మూడోసారి. అంతకు ముందు రెండుసార్లూ నా భార్య యాదమ్మ పసిదాన్ని బట్టలో చుట్టి గడప మీదుగా అందించింది. నర్సు అరుగు మీదే తూచి, తల్లి ఎట్లుందని అడిగి, యాదమ్మ "మంచిగున్నది" అంటే అదే రాసుకుని పోయింది. ఇరవై ఒక్క రోజుల దాకా బాలింత గదిలోకి పరాయివాళ్లు రాకూడదని యాదమ్మ పట్టు. పక్కింటి శైలజ మాత్రం నిన్న వచ్చి మంచం మీదే కూర్చుని పోయింది. కోమల వాళ్ల ఇల్లు ఊరి చివర, చర్చి పక్కన. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు.

కోమల పసిదాన్ని తూచింది. మళ్లీ తూచింది.

"నాలుగు రోజుల కింద ఎంతున్నదో గంతే ఉన్నది. పాలు సరిపోతున్నయా పెద్దమ్మా?"

"నీకింకా పెండ్లన్న కాలే. పాల సంగతి నువ్వు చెప్తవా?"

"పెండ్లి కాకున్నా కాటా చూసుడు వస్తది. జర జరుగు, మానసను చూస్త."

"పండుకున్నది."

"లేపనులే."

"పాల జరం బిడ్డా. మాకు రాలేదా? అదే పోతది."

కోమల కాటా కింద పెట్టింది. "జరం ఎప్పటి సంది?"

యాదమ్మ గడపకు అడ్డంగా చేయి పెట్టింది.

నాకు తెలుసు. నిన్న పగలు యాదమ్మ బావి దగ్గరికి పోయినప్పుడు మానస నన్ను పిలిచింది. "బాపూ, జర నీళ్లియ్యరాదు" అంది. నీళ్లెక్కువ తాగితే బాలింతకు కడుపు జారుతుందని యాదమ్మ కొలిచి ఇస్తోంది. నేను చెంబు దాకా పోయి, ముట్టకుండా తిరిగొచ్చాను. గదిలో ఒక వాసన వచ్చింది. నాకు ఇద్దరు పిల్లలు ఈ ఇంట్లోనే పుట్టారు. పురుటి వాసన నేనెరుగుదును. ఇది ఆ వాసన కాదు.

గుంతలోంచి లేచాను.

"ఐదు రోజుల సంది," అన్నాను. "వాసన గూడ వస్తున్నది. లోపలికి రా బిడ్డా."

యాదమ్మ నా ముఖంలోకి చూసింది. చేయి తీయలేదు. నేనే ఆ చేయి పట్టుకుని పక్కకు తీశాను.

కోమల లోపల ఎక్కువసేపు లేదు. బయటికి వచ్చి 108కి ఫోన్ చేసి మా ఊరి పేరు రెండుసార్లు చెప్పింది.

"కడుపు లోపల చీము పట్టినట్టున్నది పెద్దబాపూ," అంది. ఆమె చూపు అరుగు మీద తను రాసుకునే పుస్తకం మీద ఉంది. "పోయినసారి వచ్చిననాడు గూడ జరం ఉండె. చూడకుంటనే మంచిగున్నదని రాసిన."

"నేను చెప్పిందే గద నువ్వు రాసినవు," అంది యాదమ్మ. ఆమె గొంతు నాకే సరిగా వినబడలేదు.

నల్లగొండ దవాఖానలో మానసను తలుపుల వెనక్కి తీసుకుపోయారు. పసిదాన్ని వేరే గదిలో పెట్టి పాలు పడుతున్నారు. డాక్టరమ్మ ఏదీ తేల్చి చెప్పలేదు. రేపటి దాకా చూడాలంది.

మధ్యాహ్నం దాటింది. పొద్దున్నుంచి మేము ఏమీ తినలేదు. మాతోపాటే బండెక్కి వచ్చిన కోమల వరండాలో నేల మీద కూర్చుని తన టిఫిన్ డబ్బా తెరిచింది. రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు. రొట్టెలు తుంచి మూడు భాగాలు చేసి, ఒకటి యాదమ్మ ముందు మూత మీద పెట్టింది.

యాదమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ముక్క తుంచి, పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నేనూ తిన్నాను. మానసను తీసుకుపోయిన ఆ తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురం నమలడం ఆపి అటు చూశాం.