పెడల్ వెనక తాబేలు

ఎడమ పెడల్ ఎంత తొక్కినా కదలడం లేదేమిటా అని చిన్నపైలట్ కిందికి చూసేసరికి, పెడల్ వెనక ఇరుక్కుపోయిన తాబేలొకటి ఆమెకేసి గుర్రుగా చూస్తోంది.

కింద సరస్సు. చుట్టూ కొండలు. పక్క సీట్లో పెన్సిలు సారు.

లైసెన్సు పరీక్ష పెట్టే అధికారికి ఆ పేరు ఊరికే రాలేదు. విమానం గాల్లో ఉండగా పెన్సిలు జారవిడుస్తాడు. మ్యాపు మొహానికి అడ్డంగా విప్పుతాడు. "పెళ్లెప్పుడు?" అంటాడు. పైలట్ ధ్యాస చెదిరిందా, అంతే సంగతులు. కిందటిసారి ఆ పెన్సిలు తీసివ్వబోయి ఆమె విమానాన్ని పక్కకు ఒరిగించేసింది. ఫెయిలు.

నీళ్ల మీద వాలే ఈ బుల్లి విమానం బాబాయిది. చూపు మందగించి ఆయన నడపడం మానేశాడు. "ఈసారీ నువ్వు తప్పావంటే అమ్మిపారేస్తా" అని తేల్చి చెప్పాడు. ఉత్త బెదిరింపు కాదన్నట్టు ఎవరో కొనేవాడు వచ్చి రెక్కలు తడిమి చూసి వెళ్లాడు కూడా.

'పెన్సిళ్లతో విసుగెత్తి తాబేళ్లకు దిగాడన్నమాట' అనుకుందామె. ఒళ్లు మండిపోయింది. అయినా చూపు ముందుకు తిప్పి, రెక్కలు సరిచేసింది. ముందు విమానం, తర్వాతే మిగతావన్నీ. బాబాయి ఆ ముక్క ఆమె బుర్రలో మేకు కొట్టినట్టు దిగ్గొట్టాడు.

"సార్, నా కాళ్ల దగ్గర తాబేలుంది."

పెన్సిలు సారు మొహం తెల్లబోయింది. 'అబ్బో, నటన కూడానా!' అనుకుంది.

"తా... తాబేలా? ఎలా వచ్చింది?"

"అది దిగాక తేల్చుకుందాం. ముందు కొండలకు దూరంగా ఎత్తుకు వెళ్తున్నాను. తర్వాత కుడి పెడల్ మెల్లగా తొక్కుతాను. ఎడమది వెనక్కొచ్చి సందు అవుతుంది. మీరు వంగి లాగేయండి."

"నేనా?"

"విమానం మీరు నడుపుతారా, తాబేలు నన్ను తియ్యమంటారా?"

జన్మలో ఆయన్ను ఎవరూ అలా అడిగి ఉండరు. బెల్టు వదులు చేసుకుని, ఆమె మోకాళ్లకు అడ్డం రాకుండా మూలుగుతూ వంగాడు. ఆమె కుడి పెడల్ తొక్కింది. విమానం ముక్కు కుడికి తిరగబోతే చేతిలోని చక్రంతో ఆపింది.

"రా నాన్నా, రా... కాలు ముడుచుకో" అని హెడ్‌సెట్‌లో గుసగుస వినిపించింది.

"నాతోనా సార్?"

"కాదు కాదు. లాగేశాను!"

సరస్సు అద్దంలా ఉంది. అలలు లేని నీళ్లు ఎంత కిందున్నాయో కంటికి అందదు. అందుకని ఒడ్డు చెట్లను చూసుకుంటూ, ఇంజను జోరు కాస్త ఉంచి, మెల్లమెల్లగా దించుతోంది. ఆయన ఒళ్లో తాబేలు కాళ్లు తన్నుకుంటోంది.

"దీనికి దాహమేస్తోందేమో..." అన్నాడాయన.

"నోరు మూసుకుంటే బాగుంటుంది సార్. దిగుతున్నాం."

విమానం అడుగున చక్రాల బదులుండే తేలుడు తొట్లు నీళ్లను తాకిన సంగతి సర్రుమన్న చప్పుడు చెబితేగానీ తెలియలేదు.

రేవు చెక్కల మీద బాబాయి తాడు పట్టుకుని నిలబడ్డాడు. "ఏమైందే? పాసా, ఫెయిలా?"

పెన్సిలు సారు తాబేలును చెక్కల మీద దించి, గొంతు సవరించుకున్నాడు. "కాక్‌పిట్‌లోకి జంతువును ఎక్కించారు. విమానంలో ఏముందో చూసుకోవడం పైలట్ బాధ్యత. నేను చేయగలిగింది లేదు."

"అది మీరు పెట్టిన పరీక్ష కాదా?" ఆమె నోరెళ్లబెట్టింది.

"చాల్లేమ్మా! నేను తాబేళ్లు మోసుకు తిరుగుతానా?"

బాబాయికి కళ్లు తిరిగినంత పనైంది. "పిల్ల నోట్లో మట్టి కొట్టిందిది! అయినా దాన్ననేం లాభం, సరస్సులోది దారితప్పి ఎక్కి ఉంటుంది" అంటూ దాన్ని రెండు చేతుల్తో ఎత్తి, నీళ్లలోకి విసరడానికి ఊపాడు.

"ఆగవయ్యా బాబూ! అది మెట్ట తాబేలు! ఈత రాదు, చచ్చిపోతుంది!"

పెన్సిలు సారు ఒక్క ఉదుటున బాబాయి మీద పడి తాబేలును లాక్కున్నాడు. గుండెలకు హత్తుకుని చెక్కల మీదే చతికిలబడ్డాడు.

తండ్రీకూతుళ్లలాంటి ఆ ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడ్డారు. ఆయన తలెత్తలేదు.

"నాదే. మా ఆవిడ ఊరెళ్లింది. ఒంటరిగా వదిలితే ఇది అలిగి తిండి మానేస్తుంది. అందుకే సంచిలో తెచ్చాను. ఊపిరాడదేమోనని జిప్పు కాస్త తీసి ఉంచింది నేనే. మీ కాళ్ల దగ్గర ఉందనగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పరువు పోతుందని నేరం మీ మీదికి తోశాను. మీరు పాసయ్యారమ్మా, ఎప్పుడో గాల్లోనే పాసయ్యారు. తప్పంతా నాదని పైవాళ్లకు నేనే రాసిస్తాను. మా ఆవిడకు మాత్రం చెప్పకండి."