తాగని మనిషి

"కట్!" శ్రీకృష్ణ మళ్ళీ అరిచాడు.

మిట్టమధ్యాహ్నం మిరప చేలో నిలబడి నిలబడి సాయిలక్ష్మికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి.

"ఎందుకమ్మా డైలాగ్ మింగేస్తున్నావు? ఒక్క ముక్కేగా!"

ఆ ఒక్క ముక్కే ఆమె గొంతు దాటడం లేదు. 'తాగి చేలోకి పోవద్దని చెప్పాగా నాన్నా!'

దసరా సెలవుల్లో ఇదే శ్రీకృష్ణ టీవీ వాళ్ళ తరఫున ఊళ్ళోకి వచ్చాడు. పిల్లల్ని బడి వరండాలో కూర్చోబెట్టి, "ఇది మీ నాటకం. మీ బతుకుల్లో జరిగిందే చెప్పండి, మేం తీస్తాం" అన్నాడు. పదో తరగతి తప్పి కూలికి పోతున్న సాయిలక్ష్మిని అంతకుముందెవరూ అలా అడగలేదు. నిరుడు చనిపోయిన తండ్రి సంగతి చెప్పింది. ఎదురుగాలికి పురుగుమందు కొట్టలేనంటే ఆసామి పేరయ్య వినలేదు. సాయంత్రానికి నురగలు కక్కుతూ గట్టుమీద పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవడానికి ట్రాక్టరూ ఇవ్వలేదు. స్నేహితురాలు ఖుర్షిదా, మిగతా పిల్లలూ కలిసి దాన్ని నాటకంగా అల్లారు. చివర్లో కూతురు ఆసామిని నిలదీస్తుంది. అది విని శ్రీకృష్ణ కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

ఈ ఉదయం చేతికిచ్చిన కాగితాల్లో ఆసామి లేడు. ట్రాక్టరు లేదు. తండ్రి మాత్రం తాగుబోతయ్యాడు. షూటింగుకి చేను ఇచ్చిందీ, వచ్చినవాళ్ళకి భోజనాలు పెడుతున్నదీ పేరయ్యే.

"మా నాన్న తాగేవాడు కాదండీ."

"ఇది మీ నాన్న కథ కాదమ్మా. జనానికి మంచి చెప్పే నాటకం. తాగుడు మానమంటే తప్పేముంది?"

"మరి మమ్మల్నెందుకు అడిగారండీ?"

శ్రీకృష్ణ వాచీ చూసుకున్నాడు. "టైమ్ లేదు. చెప్తావా, లేదా?"

"చెప్పనండి."

గొడుగు కింద కుర్చీలో కూర్చున్న పేరయ్య చేతిలోని సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని, గట్టుమీది కూలీలకేసి తిరిగాడు. "ఏమే నాంచారమ్మా! నీ కూతురికి బుద్ధి చెప్పవే. రేపు కాయ కోతకి రావాలా, వద్దా?"

తల్లి లేచి వస్తుంటే సాయిలక్ష్మి చేతిలోని కాగితాలకేసి చూసుకుంది. ఇల్లు గడిచేది ఆ కూలితోనే. అమ్మ చెప్పమంటే ఇక చెప్పక తప్పదు.

నాంచారమ్మ వచ్చి కూతురి పక్కన నిలబడింది. ఆసామి ముందు తలెత్తి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు.

"ఆయన చుక్క ముట్టేవాడు కాదని నీకూ తెలుసు గదయ్యా," అంది. "పిల్ల చెప్పదు."

శ్రీకృష్ణ విసుగ్గా సాయిలక్ష్మి చేతిలోంచి కాగితాలు లాక్కుని, మిగతా పిల్లలతో నిలబడి ఉన్న ఖుర్షిదా ముందు చాపాడు.

"నువ్వు చెయ్యమ్మా. నీకూ వచ్చుగా ఈ సీను?"

ఖుర్షిదా ఆ కాగితాలకేసి చూసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.