చచ్చిన కాలేజీలో నాగులమ్మ

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఎండాకాలం. తిరుపతిలో మునెయ్య అనే పడుచువాడు ఎర్రచందనం బొమ్మలు చెక్కేవాడు. వెంకటేశ్వరస్వామి, అలమేలుమంగ, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. కొండకొచ్చిన యాత్రికులు ఏవి కొంటే అవే. తండ్రి నేర్పిన కొలతలు దాటి ఎరగడు. తండ్రి పోయాక తల్లి నాగులమ్మ అంగడిలో కూర్చుని బొమ్మలు అమ్మేది.

ఒకసారి కొన్న కర్రలో ఒక దుంగ నడిమికి బీట వారింది. బీటున్న కర్రతో దేవుణ్ణి చెయ్యరు. పారెయ్యడానికి మనసొప్పక, పెరట్లో చింతకాయ కొడుతున్న తల్లిని చూస్తూ ఆమెనే చెక్కాడు మునెయ్య. గొంతుక్కూర్చుని, ఒక చేత రాయెత్తి, ముందుకు వంగిన మనిషి. బీట ఆమె వీపు మీదుగా దిగింది. దాన్ని పూడ్చాలని అతనికి అనిపించలేదు.

యాత్రికులెవరూ ఆ బొమ్మ వైపు చూడలేదు. చూసినవాడు పరంధామయ్య ఒక్కడే. ఆయన మద్రాసు మ్యూజియంలో ఉద్యోగి. స్వామి దర్శనం చేసుకుని పోతూ అంగడి ముందు ఆగి, వంగి బొమ్మ వీపు మీది బీటను వేలితో తడిమాడు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"మా వోడే సామీ. పని లేనప్పుడు చేసినాడు. అది అమ్మేదానికి కాదు."

"అమ్మమని కాదు. పేరు తెలియని కొత్తవాళ్ళ పనులు చూపించడానికి మా మ్యూజియంలో ఒక గది తెరుస్తున్నాం. ఇది అక్కడ ఉండాలి. మీరిద్దరూ వచ్చి చూడాలి."

మ్యూజియం అంటే ఏమిటో నాగులమ్మకు తెలియదు. ఆయన పోయాక పక్క అంగడి ఆవిడ చెప్పింది. "సచ్చిన కాలేజీ అక్కా. సచ్చిన పులుల్నీ పాముల్నీ పెట్టింటారే, అది."

"అబ్బా! బతికుండే నన్ను తీసకపోయి ఆడ పెడతారా?" అంది నాగులమ్మ. "అదీ తలకు నూనె గూడా లేకుండా!"

అయినా కొడుకు ముఖం చూసి ఒప్పుకుంది.

బొమ్మను ముందే పంపించి, గది తెరిచేనాటికి ఇద్దరూ రైలెక్కి మద్రాసు పోయారు. పరంధామయ్య వాళ్ళను ముందుగా పాత రాళ్ళున్న గదిలోకి తీసుకుపోయాడు. అమరావతి నుంచి వచ్చిన తెల్లటి రాళ్ళు గోడల నిండా ఉన్నాయి. ఏనుగులు, గుర్రాలు, తలలు వంచిన ఆడవాళ్ళు.

"ఎవురు చేసినారు సార్ ఇవన్నీ?" అన్నాడు మునెయ్య.

"పేర్లు తెలియవు. దాదాపు రెండువేల ఏళ్ళ కిందటివాళ్ళు."

ఒక రాతి మూలన తామరాకు సగమే చెక్కి ఉంది. మిగతా సగంలో ఉలిగాట్లు వరుసగా కనిపిస్తున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ మునెయ్య ఒళ్ళు గగుర్పొడిచింది. చెక్కిన మనిషి చెయ్యి ఎక్కడ బరువుగా పడిందో, ఎక్కడ తేలికైందో తెలిసిపోతోంది. తల్లిని పిలిచి, ఆ గాట్లను వేలితో చూపించాడు.

తర్వాత కొత్తవాళ్ళ గది. ఎత్తయిన కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా దిగుతోంది. ఆ వెలుగులో, నడుమెత్తు బల్లమీద, వాకిలికి వీపుపెట్టి కూర్చుని ఉంది చింతకాయ కొట్టే ఆడమనిషి. బీట పొడుగునా నీడ పారుతోంది. చుట్టూ జనం మూగి చూస్తున్నారు.

నాగులమ్మ వాకిట్లోనే ఆగిపోయింది.

"నా వీపు ఇట్లుంటాదా రా?" అంది మెల్లగా.

"అట్లే ఉంటాదిమా."

ఆమె దగ్గరికి పోయింది. బొమ్మ ముందు ఒక పట్టుచీర ఆవిడ చేతులు జోడించి నిలబడి ఉంది. నాగులమ్మ కంగారుపడింది.

"దండం పెట్టొద్దమ్మా. అది దేవుడు గాదు, నేను."

ఆవిడ బొమ్మను చూసింది, నాగులమ్మను చూసింది. జోడించిన చేతులు దించలేదు.

ఆ సాయంత్రం పరంధామయ్య మునెయ్యతో చెప్పాడు. "వెనక ఒక పనిపాక ఉంది. కర్ర మేమిస్తాం. ఒక ఏడాది ఇక్కడే ఉండి నీకు తోచింది చెయ్యి. రాళ్ళగదికి ఎప్పుడైనా పోవచ్చు."

మునెయ్య తల్లి వైపు తిరిగాడు. "అంగడి..."

"అంగడి నేను సూసుకుంటా. ఆ రాళ్ళకాడ నీ మొగం సూసినా నాయనా. నువ్వు ఈడ్నే ఉండు."

నాగులమ్మ ఒక్కతే తిరుగు రైలెక్కింది.

మర్నాడు పాకలోకి దుంగ వచ్చింది. మనిషెత్తు ఉంది, ఎక్కడా బీట లేదు. దీనికి తండ్రి చెప్పిన కొలత లేదు, అడిగే యాత్రికుడూ లేడు. మునెయ్య దానిమీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆ రోజంతా ఉలి ముట్టుకోలేదు. పొద్దు వాలాక కావలివాడు వచ్చి, "ఏమప్పా, ఇంకా మొదలు పెట్టలా?" అని అడిగాడు.

"భయంగా ఉండాదన్నా," అన్నాడు మునెయ్య. అంటూనే నవ్వాడు.

తెల్లవారి ఉలి పట్టి మొదటి చెక్కు తీశాడు.