ఎడ్యుకేషన్ గది

సూపర్‌వైజరు మనుషులు జుట్టు పట్టుకుని తమ్ముణ్ణి ఈడ్చుకుపోతుంటే పెద్దక్క చేతిలోని నూలు కండె జారి కిందపడింది.

ఆ నూలు మిల్లులో అక్క కండెలు మారుస్తుంది, తమ్ముడు మిషన్లు బాగుచేసే ఫిట్టరు. ఆ పొద్దున కొత్తగా చేరిన ఒకమ్మాయి చెయ్యి మిషన్లో పడి మణికట్టు దాకా నలిగిపోయింది. ఇరుక్కున్న నూలును మిషను నడుస్తుండగానే తియ్యాలన్నది సూపర్‌వైజరు పెట్టిన రూలు. ఫిట్టరు పరిగెత్తుకొచ్చి స్విచ్చి కట్టేశాడు. "ఇకనుంచి మిషను ఆపకుండా ఎవరూ చెయ్యి పెట్టరు" అని అరిచాడు. అదే అతని నేరం.

"వీడికి కాస్త ఎడ్యుకేషన్ కావాలి" అన్నాడు సూపర్‌వైజరు నవ్వుతూ.

ఆ మాట చెవిన పడగానే హాలంతా తల దించుకుంది. మిల్లు వెనక బాయిలరు గోడకి ఆనించి ఒక గది ఉంది. తలుపు మీద ఆ మాటే ఇంగ్లీషులో, నీలిరంగు అక్షరాల్లో. కార్మికులకి కంపెనీ చదువు చెప్పిస్తోందని పైవాళ్ళకి చూపించడానికి కట్టిన గది. లోపల నల్లబల్లా లేదు, బెంచీ లేదు. తెగిపోయిన మిషను బెల్టులు, ఇనప గొట్టాలు, వాటిని వాడటం తెలిసిన వస్తాదులు ఉన్నారు. 'ఫలానావాడికి ఎడ్యుకేషన్ అయిందట' అని జనం గొంతు తగ్గించి చెప్పుకునేవారు, ఎవరో పోయారన్నట్టు. కూతుళ్ళని పనికి పంపేటప్పుడు తల్లులు, "నోరు మూసుకుని పని చేసుకో. ఎడ్యుకేషన్ కొని తెచ్చుకోకు" అనేవారు.

తమ్ముడు బయటికొచ్చినప్పుడు కుడిచేతి వేళ్ళు ఒక్కోటీ ఒక్కో దిక్కు చూస్తున్నాయి. ఏడవలేదు. "అక్కా, కాసిని నీళ్ళు" అన్నాడు. గ్లాసు పట్టుకోబోయి, పట్టుకోలేక, అప్పుడు ఏడ్చాడు.

సాయంత్రం వాళ్ళ ఇరుకు గది జనంతో నిండిపోయింది. పట్టనివాళ్ళు గుమ్మంలో, మెట్ల మీద కూర్చున్నారు. పక్క వాటాలో అద్దెకుండే కాలేజీ కుర్రాడు, అందరూ కళ్ళజోడు అని పిలిచేవాడు, తమ్ముడి చేతికి చెక్కపేళ్ళు పెట్టి కట్టు కడుతున్నాడు.

"ఏం నాయనా, ఆ ఇంగ్లీషు మాటకి అసలు అర్థమేమిటి?" అనడిగాడు దూది ఏకే తాత. దూది నుసితో ఊపిరితిత్తులు నిండిపోయి, మాటమాటకీ దగ్గుతాడు.

"చదువు తాతా. చదువు అనే అర్థం."

ఎవరో పకాలున నవ్వారు. ఆ నవ్వు మెట్ల మీదికి పాకి, అక్కడే చచ్చిపోయింది.

"మేనేజరు కూతురు పై దేశంలో చేస్తోందంటారే, అదీ ఈ ఎడ్యుకేషనేనా?" అంది పెద్దక్క.

"అదే అక్కా. అదే మాట."

"మరి ఆ పిల్లకి ఎన్ని వేళ్ళు విరిగాయి?"

కళ్ళజోడు కట్టు ముడి బిగించాడు. "పిల్లల్ని పెంచి పెద్దచెయ్యడమని పాత అర్థం. లోపలున్నదాన్ని బయటికి తియ్యడం అని కూడా కొందరంటారు" అన్నాడు.

"తీశారుగా, నెత్తురు!" అన్నాడు తాత.

"దొంగమాట అది! దొరల మాట!" అని గుమ్మంలోంచి ఒకడు అరిచాడు.

"దొరల మాటేమిట్రా? మనం అనమా, 'ఉండు, నీకు బుద్ధి చెప్తా' అని? 'పాఠం నేర్పుతా' అని చెయ్యెత్తమా?" పెద్దక్క గొంతు పెరిగింది. "మాటనేం చేస్తారు? ఎవరు ఎవరికి చెప్తున్నారో అది చూడండి. ఇన్నాళ్ళూ వాళ్ళు ఒక్కొక్కణ్ణే పట్టుకెళ్ళి చెప్పారు. మనం తలొంచుకుని విన్నాం. మొన్న వీడి ముందువాణ్ణి తీసుకెళ్ళినప్పుడు నేనూ కండెలు మార్చుకుంటూ నిలబడ్డాను."

"అయితే ఏం చేద్దామంటావు? తన్నులు తిందామా?"

"తిందాం. అందరం ఒకేసారి తిందాం. ఎంతమందిని కొడతారో చూద్దాం."

మర్నాడు మళ్ళీ నూలు ఇరుక్కుంది. మిషను దగ్గరున్నావిడ పెద్దక్క వైపు ఒకసారి చూసి స్విచ్చి కట్టేసింది. సూపర్‌వైజరు వచ్చి ఆమె మెడ మీద చెయ్యి వేశాడు.

"నీకూ కావాలా ఎడ్యుకేషన్?"

పెద్దక్క తన మిషను ఆపింది. "దానొక్కదానికే ఎందుకయ్యా? నాకూ కావాలి."

"నాకూ!" అన్నాడు తాత దగ్గుతూ.

నాకూ, నాకూ అంటూ వరసకి వరస ఆగిపోయింది. ఆ హాల్లో ఎవరి గొంతు ఎలా ఉంటుందో ఆరోజే ఒకరికొకరికి తెలిసింది. అందరూ కదిలి, సూపర్‌వైజర్ని ముందుకు తోసుకుంటూ బాయిలరు గోడ వైపు నడిచారు.

వస్తాదులు గొట్టాలతో బయటికి దూకారు. ముందున్న ఆడవాళ్ళ తలలు పగిలాయి. పడ్డవాళ్ళని దాటి వెనకవాళ్ళు వచ్చారు. తాత ఒకడి కాళ్ళు కరిచి పట్టుకుంటే, వాడు నడుం మీద కొట్టీ కొట్టీ అలిసిపోయాడే గాని విడిపించుకోలేకపోయాడు. తలుపు ఊడింది. గోడల మీద నెత్తురు చారలు, పాతవి నల్లగా, నిన్నటివి ఇంకా ఎర్రగా. అవి చూశాక ఇక ఎవరూ ఎవర్నీ ఆపలేదు. బెల్టులు చేతులు మారాయి. వస్తాదులు గోడ దూకి పారిపోయారు.

సూపర్‌వైజరు మూలకి నక్కాడు. "అమ్మా, బుద్ధొచ్చింది. వదిలెయ్యండమ్మా" అన్నాడు.

పెద్దక్క చెవుల్లో తమ్ముడి ఏడుపు మోగింది. గొట్టం ఎత్తి అతని చేతి మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించింది. సంతోషం కలగలేదు. గొట్టం మాత్రం వదల్లేదు.

మేనేజరు పిలిపించిన పోలీసులు గేటు దగ్గర్నుంచే కాల్చడం మొదలుపెట్టారు. తాత రెండు చేతులూ చాపి జనానికి అడ్డంగా నిలబడ్డాడు. గుండు తగిలి వెనక్కి పడ్డాడు. ఈసారి దగ్గు రాలేదు. ఊపిరి కూడా.

ఇన్‌స్పెక్టరు పెద్దక్క చెంప పగిలేలా కొట్టి వ్యాను వైపు లాగాడు. "వీళ్ళకి ఇదంతా నేర్పింది నువ్వేనా?"

"ఒకళ్ళు నేర్పితే వచ్చేది కాదిది. ఒకళ్ళని చూసి ఒకళ్ళం నేర్చుకున్నాం" అంది నోట్లో నెత్తురు ఉమ్మి.

వ్యాను ఊచల్లోంచి చూసింది. రెండో షిఫ్టు జనం గేటు ముందుకి వచ్చేశారు. వాళ్ళ మధ్య, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని తమ్ముడు తాత తలదగ్గర కూర్చుని ఉన్నాడు. షిఫ్టు కూత మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. గేటు బార్లా తెరిచే ఉంది.

ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు.