చావు కబురు

లాండ్రీలో ఇస్త్రీ మిషను పొద్దున్నుంచీ మొరాయిస్తూనే ఉంది. ఆస్పత్రి దుప్పట్లు కొండలా పేరుకున్నాయి. అయినా ఇస్త్రీ ఆవిడ సూపర్‌వైజరును బతిమాలుకుని ఇంటికి పరుగెత్తింది. పక్షవాతంతో మంచాన పడ్డ డ్రైవరు మొగుడికి అన్నం పెట్టి, తడిసిన బట్టలు మార్చి, మళ్లీ వచ్చి మిషను ముందు నిలబడాలి. అతను పడిపోయిన నాటినుంచి రోజూ ఇదే పరుగు.

లోపల ఎవరో పెద్దావిడ మంచం పక్కన కూర్చుని అతని గడ్డం తుడుస్తోంది.

"ఎవరండీ మీరు?"

"ఈయన భార్యని. నువ్వు పనిచేసే అమ్మాయివా?"

ఇస్త్రీ ఆవిడకి ముందు నవ్వొచ్చింది. "ఈయన మొదటి భార్య ఎప్పుడో జ్వరమొచ్చి పోయింది. రెండోదాన్ని నేనే."

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. "అదేంటి? నువ్వు పోయావనేగా నిన్న నాకు ఫోను చేశాడు! దిక్కులేకుండా పడున్నానని ఏడిస్తే మనసాగక వచ్చాను. పిల్లలు లేరని నన్ను పుట్టింట్లో దింపి, వారంలో వస్తానని పోయిన మనిషి, ఇన్నేళ్లకి నిన్న మాట్లాడాడు."

ఇస్త్రీ ఆవిడ గోడకి ఆనుకుంది. పెళ్లికి ముందు ఇదే మనిషి, పోయిన భార్యను తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపుకే కరిగిపోయి చేసుకుంది. తాగొచ్చి చెయ్యి చేసుకున్నప్పుడల్లా పాపం, ఆ బాధ ఇంకా తీరలేదని సరిపెట్టుకుంది. చచ్చిన మనిషి కోసం బతుకంతా దెబ్బలు తింది. ఆ చచ్చిన మనిషి నిక్షేపంగా ఎదురుగా కూర్చుంది.

"నన్ను చంపేశారా?" అంది మొగుడితో.

"మాటవరసకన్నానే," అన్నాడు డ్రైవరు ముద్దముద్దగా. "నువ్వు పొద్దంతా పనికి పోతావు. ఒక్కణ్ణీ ఎట్లా ఉండను? పెద్దది ఇంట్లో ఉంటుంది, నువ్వు పనికి పో. ఇద్దరూ సర్దుకుపోండి."

పెద్దావిడ తడిగుడ్డ మంచం కోడు మీద పడేసి బయటికి నడిచింది.

ఇస్త్రీ ఆవిడ అన్నం కలిపింది. అతను అలవాటుగా నోరు తెరిచాడు. ఆమె ముద్ద పెట్టలేదు. కంచం అతని చచ్చుబడని ఎడమచేతి పక్కన పెట్టింది.

"ఫోను నొక్కిన చెయ్యి ఇదేగా. తిను."

పెళ్లయిన నాటినుంచి 'మీరు' తప్ప అనని నోరు అది. డ్రైవరు తెరిచిన నోరు మూయలేదు.

బయట మెట్టు మీద పెద్దావిడ కూర్చుని ఉంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. "సాయంత్రం దాకా బస్సు లేదంట," అంది ఎటో చూస్తూ.

"కూర్చోండక్కా." ఇస్త్రీ ఆవిడ కూడా ఆ మెట్టు మీదే కూలబడింది. లాండ్రీకి వెళ్లాల్సిన వేళ దాటిపోతోంది.

లోపల కంచం ఒకసారి చప్పుడైంది. తర్వాత గొంతు లేచింది.

"ఏమేవ్!"

ఇద్దరూ తలుపు వైపు చూశారు. ఎవర్ని పిలిచాడో ఎవరూ అడగలేదు, ఎవరూ లేవలేదు.

"ఏమేవ్! వినపడట్లేదా?"