సూటిగా పోయే బండి

నేను ఒక కప్పును. టీ పోసుకునే జాతి కాదు మాది. సైకిల్ హ్యాండిల్ గొట్టం అడుగున కూర్చుని, ఒళ్లో ఇనుప గుండ్లను ఆడించుకుంటూ, ముందు చక్రాన్ని ఎటు తిప్పితే అటు తిరగనివ్వడం మా పని. సైకిలు కొనేవాళ్లు బెల్లు మోగించి చూస్తారు, సీటు నొక్కి చూస్తారు. మమ్మల్ని అడిగి చూసినవాణ్ణి నేనింతవరకూ ఎరగను.

ఎక్కడో ఉత్తరాది కార్ఖానాలో ఎర్రగా కాగి, నూనెలో మునిగి గట్టిపడ్డాను. చివరికి కోనసీమలో ఏసుపాదం సైకిల్లోకి చేరాను. అతను కొబ్బరి బొండాలు అమ్మేవాడు. గెలలు రెండు వైపులా వేలాడదీసి, కాలవ గట్టు వెంట బండిని నెట్టుకుంటూ పోయేవాడు. ఆ బరువుకి, ఆ గతుకులకి, గుండ్లు ఒక్కచోటే పొడిచి పొడిచి నాలో గుంటలు చేశాయి. చక్రం సూటిగా ఉంటే గుండ్లు ఆ గుంటల్లో దిగబడిపోయేవి. పక్కకు తిప్పాలంటే గట్టిగా గుంజాల్సిందే.

చిత్రమేమిటంటే, ఏసుపాదానికి ఆ రోగమే గుణంలా కనిపించింది. బరువుతో నెడుతుంటే చక్రం పక్కకు వాలదు, స్టాండు వేస్తే ఊగదు. "నా బండి గీత గీసినట్టు పోద్ది" అని బొండాం కొట్టిన చోటల్లా చెప్పుకునేవాడు. మెచ్చుకుంటే ఇనుముకైనా కళ్లు నెత్తికెక్కుతాయి. నాకూ ఎక్కాయి.

ఒకసారి రిపేరు షాపు దావూదు గొట్టం విప్పి, "కప్పు కూడా మార్చేద్దాం బాబాయ్, అరిగిపోయింది" అన్నాడు.

"గట్టి సరుకురా అది. గుండ్లేసి గ్రీజు పుయ్యి, చాలు" అన్నాడు ఏసుపాదం.

కొత్త గుండ్లు వచ్చి పాత గుంటల్లోనే పడ్డాయి. నన్ను మార్చనందుకు ఆ రోజు ఎంత మురిశానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆ ఏడే ఏసుపాదం భార్య సువార్త సైకిలు నేర్చుకుంది. కాలవ అవతల పీచు మిల్లులో ఆమెకు మధ్యాహ్నం పని దొరికింది. ఆ వేళకు బండి ఇంట్లో ఖాళీగా ఉండేది. గట్టు మీద బాగానే తొక్కేది. వంతెన మలుపు దగ్గర మాత్రం నేను పట్టేసేవాణ్ణి. ఆమె గుంజేది, గుండ్లు ఒక్కసారిగా గుంటల్లోంచి ఎగిరిపడేవి, చక్రం అడ్డం తిరిగేది, ఆమె పడేది. చివరిసారి మోచెయ్యి చీరుకుపోయింది.

"హ్యాండిలు పట్టేత్తంది మావా" అందామె.

"ఆడలేక మద్దెల ఓడందంట నీలాంటిదే!" అని ఏసుపాదం నవ్వాడు. వీధిలో నలుగురినీ నవ్వించాడు.

ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. ఆ మద్దెలను నేనే. నోరు లేదు కదా అని సరిపెట్టుకున్నాను. సువార్త మిల్లు మానేసింది. తనకు చేతకాదని తనే నమ్మి, సైకిలు వైపు చూడటం కూడా మానేసింది.

రెండు వానాకాలాలు గడిచాక నా అంచు పగిలింది. ఈసారి దావూదు అడగలేదు. నన్ను సుత్తితో కొట్టి ఊడదీసి ఏసుపాదం చేతిలో పెట్టాడు. "ఏలు పెట్టి సూడు బాబాయ్. ఇన్ని గుంటలతో మలుపు తిప్పితే ఎవరైనా పడతారు. పిన్ని పడిందన్నావే, ఇందుకే."

ఏసుపాదం వేలు నా గుంటలన్నీ తడిమింది. దావూదు కొత్త కప్పు బిగించాడు.

నన్ను జేబులో వేసుకుని ఇంటికొచ్చి, "ఒకసారి తొక్కి సూడు" అన్నాడు.

"నాకు రాదు కదా మావా."

"తొక్కవే."

సువార్త భయపడుతూనే ఎక్కింది. వంతెన దగ్గర మలుపు తిరిగింది, అవతలి గట్టు మీద కొంత దూరం పోయింది, తిరిగి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "వచ్చేసింది మావా! ఎలా వచ్చిందో ఏటో!"

ఏసుపాదం అక్కడితో ఊరుకుంటే పరువు దక్కేది. నేనైతే ఊరుకునేవాణ్ణే, అన్నాళ్లూ ఊరుకున్నాను కూడా. అతను మాత్రం నన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"తప్పు దీనిది. దీన్ని మార్చొద్దన్నది నేను. నీదేం లేదు."

ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు. "అంటే నాకు మొదట్నించీ వచ్చన్నమాట" అంది.

ఏసుపాదం తల దించుకున్నాడు.

మిల్లులో ఆమె చోటు ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశారు. నన్ను మాత్రం సువార్త పారేయలేదు. గూట్లో, అద్దం పక్కన పెట్టింది. ఏసుపాదం తల దువ్వుకునేటప్పుడు రోజూ ఎదురుపడతాం. ముందుగా చూపు తిప్పుకునేది అతనే. నాకు తిరగడం చేతకాదు.