పెద్దమ్మాయి అలసిపోకూడదని

ఫోన్ మోగినప్పుడు కొత్తమ్మాయి ఒక చేత్తో పాత బనీను గుడ్డ, ఇంకో చేత్తో ఇంజన్ ఆయిలు చూసే పొడుగాటి డిప్‌స్టిక్ పట్టుకుని, షెడ్డులో మామగారి పక్కన నిలబడి ఉంది. లోపలి గదిలో భర్త “ఆ, చెప్పండి” అనడం వినిపించింది. ఆ తర్వాత అతను ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి లేకుండా వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు.

“దొరికిందట నాన్నా! కిడ్నీ! అమ్మకి సరిపోతుందట! మధ్యాహ్నం లోపల వచ్చెయ్యమంటున్నారు!”

మామగారు కోడలి చేతిలోని డిప్‌స్టిక్ తీసుకుని, తుడిచి, దాని గొట్టంలో దోపి, నిద్రపోయే పిల్ల మీద దుప్పటి కప్పినంత నెమ్మదిగా బానెట్ మూశారు. అప్పుడు దాని మీద రెండు చేతులూ ఆన్చి తల వంచుకున్నారు. ఆయన భుజాలు కదలడం చూసి కొత్తమ్మాయి గబుక్కున అటు తిరిగిపోయింది. తనకూ నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అత్తగారు మాత్రం వంటగది గుమ్మంలో నిలబడి, “పోయిందెవర్రా?” అని అడిగారు.

“చెప్పరమ్మా.”

“చెప్పకపోతే మాత్రం... వాళ్ళింట్లో ఈపాటికి...” అని ఆగి, కొంగుతో ముఖం తుడుచుకున్నారు. “సరే, నా సంచీ తీయండి. ఆ ముసలాయన్ని బండి మీద నుంచి లేపండి. కావలించుకోవడానికి అది దొరికింది గానీ నేను దొరకలేదు.”

అది అంటే పెద్దమ్మాయి. ఏడుగురు పట్టే పాత డీజిల్ బండి. కొడుకు కాలేజీలో చేరినప్పుడు కొన్నారు. మామగారు దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటుంటే, “ఈయనకి మగపిల్లాడొక్కడే అనుకునేరు, పెద్దమ్మాయి షెడ్డులో ఉంది” అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి, బండికి ఆ పేరు ఖాయం చేశారు. రెండు నెలల కిందట కోడలు కాపురానికొస్తే ఆమె కొత్తమ్మాయి అయింది. “ఆడబిడ్డ పోరు లేని ఇల్లనుకున్నావు కదూ? ఉంది. రోజూ పొద్దున్నే దానికి ముఖం కడగాలి.”

నిజంగానే కడిగేది. కొత్తమ్మాయికి ఆ ఇంట్లో అన్నీ ముద్దుగానే ఉండేవి. ఉదయం షెడ్డు రేకు సందుల్లోంచి బానెట్ మీద పడే ఎండ చారలూ ముద్దే, ఆయిలు మట్టం గీతకు పైనే ఉందని మామగారు చిన్నపిల్లాడిలా మురవడమూ ముద్దే. “చూశావా అమ్మాయ్? ఒక్క చుక్క తగ్గలేదు. పోయిన నెలకంటే పైనే ఉంది. ఈ వయసులో ఏ బండి ఇలా ఉంటుంది చెప్పు!”

ఒకసారి ఆమె ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని, “మావయ్యగారూ, ఇది ఆయిలు వాసన కాదు, డీజిల్ వాసనలా ఉందే” అంది.

“డీజిల్ బండి దగ్గర డీజిల్ వాసన కాకపోతే మల్లెపూల వాసనొస్తుందా!” అని ఆయన పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది.

కోరిక ఒక్కటే తీరలేదు. ఊరవతల డ్యాం ఉంది. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి బండిలో అక్కడిదాకా వెళ్ళొద్దామని ఆమె సరదా. వీధి చివరి మెకానిక్కు కూడా అంతకుముందే ఆ మాటే వేరేలా చెప్పాడు. బండి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరుంటుందట. దాన్ని కాల్చడానికి బండే అదనంగా డీజిల్ పోసుకుంటుందట గానీ, ఇంజన్ బాగా కాగితేగానీ ఆ మసి కాలదట. “నాలుగు వీధుల అవతలికి డయాలసిస్‌కి వెళ్ళి రావడం దీనికి నడక కూడా కాదు బాబాయ్. వారానికోసారి పెద్దరోడ్డెక్కించి గట్టిగా తోలండి. లేకపోతే లోపలే మగ్గిపోతుంది.”

మామగారు వినలేదు. “పెద్దాసుపత్రి కొండకి అవతల ఉంది. పిలుపొచ్చిన రోజున ఇది ఆ కొండ దాటాలి. అప్పటిదాకా దీన్ని అలసిపోనివ్వను. ఉన్న శక్తంతా ఆ రోజుకే.” డ్యాం మాట ఎత్తిన కోడలికీ అదే జవాబు. ముఖం అరిగిపోతుందని అద్దంలో చూసుకోనివాడి సామెతలా ఉందే అనుకుంది గానీ, అత్తగారి ప్రాణంతో ముడిపడ్డ మాట కదా, పైకి అనలేదు.

అంచేత మొగుడూ పెళ్ళాలు సాయంత్రాలు షెడ్డులోనే, ఆగి ఉన్న బండి వెనక సీట్లో కూర్చునేవాళ్ళు. వేయించిన పల్లీల పొట్లం మధ్యలో.

“ఎక్కడిదాకా వచ్చాం?” అని అతను అడిగేవాడు.

“డ్యాం దాటాం. అద్దం దించు, చల్లగాలి వస్తోంది.”

అతను అద్దం దించేవాడు. షెడ్డులోని ఇంజన్ ఆయిలు వాసన వచ్చేది. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు అదే సీట్లో, నిజంగా కదులుతున్న బండిలో ఆమె కూర్చుంది. మామగారు తోలుతున్నారు. పక్కన భర్త. మధ్య సీట్లో దిండుకి ఆనుకుని అత్తగారు. ఊరు దాటాక పొలాలు పచ్చగా వెనక్కి జారిపోతున్నాయి. కొత్తమ్మాయికి గుండె గాలిపటంలా ఎగురుతోంది.

“అత్తయ్యా, కొత్త కిడ్నీ పనిచెయ్యగానే ముందు ఏం చేస్తారు?”

“నీళ్ళు తాగుతా.” రోజుకొక్క గ్లాసుడు నీళ్ళతో సరిపెట్టుకునే మనిషి కళ్ళు మూసుకుని చెప్పారు. “గ్లాసుతో కాదు. చెంబెత్తి గటగటా తాగుతా. గొంతు మీంచి కారి జాకెట్టంతా తడిసిపోవాలి. తర్వాత ఇంకో చెంబు.”

“నేను ముంచిస్తా.”

“నువ్వు ముంచు, నేను తాగుతా. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆయన్ని ముంచుదాం.”

ముందు సీట్లో మామగారు నవ్వారు. ఆయన ఎడమ చెయ్యి మీటర్ల పలకను ఒకసారి ప్రేమగా తడిమింది. ఆ పలక మీద ఒక మూల నల్లటి టేపు ముక్క అంటించి ఉంది. అది ఎందుకో కొత్తమ్మాయి ఎప్పుడూ అడగలేదు.

కొండ దారి మొదలయింది. మొదటి మలుపులు పెద్దమ్మాయి హాయిగానే ఎక్కింది. సగం కొండ దాటాక, మామగారు గేరు మార్చబోతూ ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీశారు. ఇంజన్ మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది. గొంతు పెద్దది చేసి అరిచినట్టు, ఎవరో కనపడని మనిషి కాలితో నొక్కి పట్టినట్టు.

“నాన్నా, కాలు తియ్యండి!”

“తీశాన్రా! తీసే ఉన్నా!”

వెనక అద్దంలో రోడ్డు మాయమైపోయింది. తెల్లగా, దట్టంగా పొగ. మామగారు గేరు తప్పించి, బ్రేకు మీద నిలబడి బండిని రోడ్డు వారకు లాగి, తాళం తిప్పి బయటికి తీశారు. తాళంచెవి ఆయన చేతిలో ఉంది. ఇంజన్ ఇంకా అరుస్తూనే ఉంది.

కొత్తమ్మాయికి జీవితంలో ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. తాళంచెవి చేతిలో వేలాడుతుంటే, బండి తనంతట తాను కేకలు పెడుతోంది.

“అమ్మని దించు!” అని అరిచాడు భర్త. ఆమె అత్తగారిని దాదాపు ఎత్తుకున్నట్టే దింపి దూరంగా గట్టు మీద కూర్చోబెట్టింది. మామగారు టాప్ గేరు వేసి, బ్రేకు నొక్కి పట్టి, క్లచ్ వదిలి ఇంజన్ గొంతు నొక్కాలని చూశారు. అరిగిన క్లచ్ పట్టలేదు. కాలిన వాసన వచ్చిందంతే. భర్త బానెట్ ఎత్తి, ఇంజన్‌కి గాలి వెళ్ళే గొట్టం ఊడబీకి, ఆసుపత్రి సంచీలోని తువ్వాలు ఉండచుట్టి దాని నోట్లో కుక్కాడు. అది తువ్వాలుని సగం లోపలికి లాక్కుంది. ఇంజన్ ఇంకో మెట్టు పైకెక్కి అరిచింది. లోపల ఏదో విరిగిన మోత. ఆపైన నిశ్శబ్దం.

లోయలో ఏదో పక్షి కూసింది.

ఫోన్లలో సిగ్నల్ లేదు. రాళ్ళ లారీ ఒకటి వెనకనుంచి ఎక్కుతూ వచ్చింది గానీ, ఆ ఏటవాలులో ఆపితే మళ్ళీ కదలనన్నట్టు డ్రైవరు చెయ్యూపి సాగిపోయాడు. ఎండ నెత్తి మీదికొచ్చాక ఒక పాలవ్యాను ఆగింది. ముందు ఒక్కరికే చోటు. అత్తగారు ముందు, కొడుకు వెనక డబ్బాల మీద.

ఎక్కబోతూ ఆవిడ భర్త కేసి చూశారు. “మీరు అలా నిలబడకండి. టోపీ పెట్టుకోండి, ఎండ.” అంతే అన్నారు.

వ్యాను మలుపు తిరిగింది. మామగారూ కోడలూ మిగిలారు.

ఊరికే ఉండలేక ఆమె డిప్‌స్టిక్ బయటికి లాగింది. రోజూ చూసే గీతకు ఆయిలు ఎంతో పైన ఉంది. వేళ్ళ మధ్య రాసి చూసింది. జిగురే లేదు, నీళ్ళలా జారిపోయింది. డీజిల్ వాసన గుప్పుమంది. మెకానిక్కు మాటలూ ఈ వాసనా ఒకదానికొకటి అతుక్కున్నాయి. మసి కాల్చుకుందామని బండి ప్రతిసారీ లోపల అదనంగా డీజిల్ పోసుకుంది. కాగే లోపే నాలుగు వీధులూ అయిపోయాయి, తాళం తిప్పి ఆపేశారు. కాలని డీజిల్ అంతా కిందికి దిగి ఆయిల్లో కలిసింది. రోజుకింత. వాళ్ళిద్దరూ రోజూ పొద్దున ఎండ చారల్లో నిలబడి, మట్టం పెరిగిందని మురిసింది దానికే. ఇవాళ కొండెక్కి ఇంజన్ కాగేసరికి అది తన ఆయిల్నే తాగి పరిగెత్తింది. తాళం తీస్తే ఆగేది డీజిలే కదా, ఆయిలు కాదు.

ఆమె ఆ మాట ఎలా చెప్పాలా అని చూసింది. చెప్పనక్కర్లేకపోయింది. మామగారు డ్రైవరు సీట్లో కూర్చుని, గోటితో ఆ నల్లటేపు గీకుతున్నారు. ఊడింది. తాళం పెట్టి తిప్పారు. దాని కింద, ఫిల్టరు నిండిందని చెప్పే పసుపుపచ్చ దీపం వెలిగింది.

“ఎప్పటినుంచి మావయ్యగారూ?”

“మీ పెళ్ళికి ముందు నుంచే. ఇదేంటండీ, ఈ దీపం ఆరదే, అని మీ అత్తయ్య ఒకటే బెంగ. ఆవిడకి ఉన్న బెంగలు చాలక ఇదొకటా అని మూసేశా.” తాళంచెవి బయటికి లాగారు. “మీరు డ్యాంకి వెళ్తామన్నప్పుడు తాళం ఇచ్చి ఉంటే...”

ఇచ్చి ఉంటే వారం వారం వెళ్ళేవాళ్ళు. అద్దం దింపేవాళ్ళు. నిజం గాలే వచ్చేది. పల్లీల పొట్లంతో చేసిన ఆ చిన్న సరదా ఒక ప్రాణాన్ని కొండ దాటించి ఉండేది.

భర్త దారిలోంచి పంపిన లాక్కెళ్ళే బండి వచ్చి పెద్దమ్మాయిని కొక్కేనికి తగిలించి కిందికి దించాక, ఊరి మొదట్లో సిగ్నల్ దొరికింది. వెంటనే భర్త ఫోన్.

“వెళ్ళాం. ఆలస్యమైంది. ఒక్క కిడ్నీకి ఎప్పుడూ ఇద్దర్ని పిలుస్తారట. రెండో ఆవిడ పొద్దున్నే వచ్చి కూర్చుందట. లోపలికి తీసుకెళ్ళిపోయారు.”

“అత్తయ్య ఏమన్నారు?”

“ఆ రెండో ఆవిడ దేంట్లో వచ్చిందని అడిగింది అమ్మ. బస్సులో అన్నారు. తెలివైంది అంది.”

చేతికందింది నోటికందలేదు. మళ్ళీ పిలుపు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో, వచ్చేదాకా అత్తగారు ఉంటారో లేదో ఎవరూ పైకి అనలేదు.

తల్లీ కొడుకులు సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చారు. అత్తగారి ముఖం ఉబ్బి, పాలిపోయి ఉంది. సంచీ కింద పెట్టకుండానే “ఆయనేరీ?” అన్నారు. కొత్తమ్మాయి షెడ్డు వైపు చూపించింది.

మామగారు బండి మెట్టు మీద కూర్చుని ఉన్నారు. నూనె చేతులు కడుక్కోలేదు. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. “నేనే చంపాను” అన్నారు తల ఎత్తకుండా.

“ఎవర్ని? నేనింకా ఉన్నాగా.” అత్తగారు ఆయాసపడుతూ ఆయన పక్కనే కూర్చున్నారు. “జరగండి కాస్త. పెద్దమ్మాయి పోయింది, అంతేగా. కొడుక్కీ కోడలికీ కూడా చోటివ్వకుండా దాన్ని దాచారు. దాచిందంతా దానికే అరక్క పోయింది.”

ఆయన ఏడ్చారు. ఈసారి కొత్తమ్మాయి అటు తిరిగిపోలేదు. వెళ్ళి మగ్గుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతుల మీద పోసింది. కింద పడి పారుతున్న ఆ నీళ్ళనే అత్తగారు చూస్తున్నారని గమనించి, మగ్గు వెనక్కి దాచింది.

“దాచకమ్మాయ్, పొయ్యి” అన్నారు అత్తగారు. “చూస్తే నా గ్లాసు లెక్కలోకి రాదు.”

కాసేపటికి ఆవిడే లేచి, చీర దులుపుకుని, ఇంటిల్లిపాదికీ వినపడేలా చెప్పారు.

“రేపు నాకు డయాలసిస్ మిషను మధ్యాహ్నం. డ్యాంకి పొద్దున్నే బస్సుంది, కండక్టర్ని అడిగొచ్చా. నలుగురం వెళ్తున్నాం. మీరూనండీ, ఒళ్ళు బాగోలేదూ గిళ్ళు బాగోలేదూ అనకండి. ఒరేయ్, పల్లీలు వేయించు. కొత్తమ్మాయ్, నా రేపటి గ్లాసుడు నీళ్ళు సీసాలో పోసి మూత బిగించు. ఇంట్లో ఒక్క గుక్క కూడా తాగను. ఆ గట్టు మీద కూర్చుని, అన్ని నీళ్ళనీ చూస్తూ తాగుతాను.”